లంకెబిందెలు దొరికినయా తమ్మీ?

దసరా సెలవుల్లో ఒక మెటల్ డిటెక్టర్ తయారుచేశాను. పెద్ద సైన్స్ ఏం లేదు. రాగితీగ చుట్టిన కాయిల్, ఆర్డుయినో బోర్డు, ఒక బజర్, పట్టుకోవడానికి పాత చీపురు కర్ర. కాయిల్‌లోకి కరెంటు వదిలి టక్కున ఆపేస్తే, కింద లోహం ఉంటే అందులో చిన్న కరెంట్లు పుడతాయి. ఆ తేడాని బోర్డు పసిగట్టి బజర్ మోగిస్తుంది. అంతే.

దాన్ని పట్టుకుని వికారాబాద్‌లో మా ఇంటి దగ్గరి పార్కుకి పోయాను. ఆదివారం సాయంత్రం పోవడమే నా తెలివితక్కువతనం. పది నిమిషాల్లో నా వెనక చిన్నసైజు ఊరేగింపు తయారైంది. గేటు దగ్గర మక్కకంకులు కాల్చే అన్న అక్కణ్నుంచే అరిచాడు: "ఏంది, లంకెబిందెలు దొరికినయా తమ్మీ?"

తోటమాలి తాత మాత్రం నవ్వలేదు. "గడ్డి ఖరాబ్ చేస్తే ఊకోను బిడ్డా" అన్నాడు. తీసిన ప్రతి గుంతా పూడుస్తానని ఒప్పుకుంటేనే వదిలాడు.

రెండు గంటల్లో దొరికినవి: 23 సీసా మూతలు, లెక్కలేనన్ని రేకు ముక్కలు, నాలుగు మేకులు, ఒక పిన్నీసు, ఒక పట్టీ మువ్వ, మూడు రూపాయి బిళ్లలు, ఒక చారాణా. నా డిటెక్టర్‌కి రేకుకీ వెండికీ తేడా తెలియదు. రెండింటికీ ఒకేలా అరుస్తుంది. చారాణా 2011 జూన్ 30 నుంచే చెల్లదు కాబట్టి, లంకెబిందెల లెక్క చూస్తే నా సంపాదన మూడు రూపాయలు.

ఆ చారాణా ఇంటికి తెచ్చి అమ్మమ్మకి చూపించాను. అసలు కథ అక్కడ మొదలైంది.

మా అమ్మమ్మది తాండూరు దగ్గర పల్లె. ఆమె చిన్నప్పుడు వాళ్ల చిన్నాయన పొలంలో నాపరాయి తీస్తుంటే బండ మీది మట్టిలో ఒక ముంత బయటపడిందట. నిండా వెండి బిళ్లలు. "సర్కారుకు తెలిస్తే పట్టుకపోతరు, ఊర్లె తెలిస్తే దొంగలు పడ్తరు" అని ఆ రాత్రే కంసాలి దగ్గరికి తీసుకుపోయి కరిగించేశారు. అమ్మమ్మ కాళ్లకున్న కడియాలు ఆ వెండివేనట! పుట్టినప్పటి నుంచి చూస్తున్న కడియాలు.

"వాటి మీద ఏముండె అమ్మమ్మా?" అని అడిగాను.

"ఏదో రాత ఉండె. మాకు చదువొస్తదా బిడ్డా?"

ఈ మాట నన్ను ఇంకా వదల్లేదు. నిజాం రూపాయలా? అంతకన్నా పాతవా? ఎవరు దాచారు, ఎవరికి భయపడి దాచారు? ఇక ఎప్పటికీ తెలియదు. వెండి మిగిలింది, కబురు పోయింది.

మన భాషలో చెప్పాలంటే, నాణెం ఒక ఫైల్ అనుకోండి. అది ఏ ఊళ్లో, ఎంత లోతులో, దేని పక్కన దొరికింది అన్నది దాని మెటాడేటా. తవ్వి జేబులో వేసుకున్న క్షణంలో మెటాడేటా డిలీట్. రికవరీ లేదు.

దూరం పోనక్కర్లేదు. పక్కనే సంగారెడ్డి జిల్లాలో కొండాపూర్ ఉంది. 1940-42లో నిజాం పురాతత్వ శాఖ తరఫున గులాం యాజ్దానీ అక్కడ తవ్వకాలు జరిపారు. శాతవాహనుల నాణేలతో పాటు మట్టి అచ్చులు కూడా దొరికాయి. అందుకే అక్కడ టంకశాల ఉండేదని చరిత్రకారులు అంటారు. నాణేలు ఒక్కటే ఎవరో ఏరుకుపోయి ఉంటే ఆ మాట ఎవరూ అనగలిగేవాళ్లు కాదు.

అలాగని దొరికిన సామాన్యుడు నేరస్థుడేం కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికులు ఏరిన నాణేలు పురాతత్వవేత్త పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి దాకా చేరాయి. వాటిలో సిముకుడి పేరున్నవి కూడా ఉండటంతో శాతవాహనుల తొలి చరిత్రలో తెలంగాణ పేరు గట్టిగా వినిపించింది. ఎవరో దాచుకోకుండా చూపించారు కాబట్టే కదా!

మరి మా చిన్నతాత ఎందుకు చూపించలేదు? భయం. ఆ భయానికి కారణం ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి. దాచితే ఏడాది దాకా జైలు. అదే చట్టంలో, దొరికిన మనిషికి వాటా ఉంటుందనీ, ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లిస్తుందనీ కూడా ఉంది. జైలు సంగతి ఊరందరికీ తెలుసు. వాటా సంగతి నేను చదివేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పటి పది రూపాయలు ఇప్పటికీ పదే!

ఇంగ్లండ్‌లో ఏం చేశారో చూడండి. 1996లో కొత్త ట్రెజర్ చట్టం తెచ్చారు. 1997లో, డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లు తమకు దొరికినవి స్వయంగా నమోదు చేయించుకునే పథకం పెట్టారు. ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు, దొరికిన చోటు వివరాలతో సహా అందరూ చూడగలిగే డేటాబేస్‌లో ఉన్నాయి. అది ఒక ఫారం, ఒక మ్యాప్, ఒక డేటాబేస్. మనం సెకండియర్ మినీ ప్రాజెక్టులో చేసేదే. ప్రతి కలెక్టరేట్‌లో అలాంటిది ఒకటి, దాంతో పాటు "మీ వాటా మీకు వస్తుంది" అని తెలుగులో ఒక కాగితం ఉంటే ఎన్ని ముంతలు కరిగిపోకుండా మిగులుతాయో కదా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నా వాట్సాప్ స్టేటస్ చూసి ఒక క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "మామా, అనంతగిరి పోదాం. పాత గుడి ఉంది కదా, ఏదో ఒకటి ఉంటది." వాడు దొంగ కాదు. వాడికి అది ఆట. కానీ గుప్తనిధుల కోసం గుళ్ల దగ్గర తవ్వి పట్టుబడ్డవాళ్ల వార్తలు మనం పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆటకీ ఆ వార్తకీ మధ్య ఉన్నది ఒక్క గడ్డపారే. నేను రానన్నాను. కాస్త తిట్టాడు కూడా.

డిటెక్టర్ వద్దని నేననను. పర్మిషన్ అడగండి, పార్కుల్లో పోయినవి వెతకండి, గుంత పూడ్చండి. పాతదేదైనా కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టకుండా ఫోటో తీసి, లొకేషన్ పెట్టుకుని, చెప్పాల్సినవాళ్లకి చెప్పండి. పాత గుళ్లూ కోటలూ అడవీ అయితే అసలు డిటెక్టర్ ఆన్ చెయ్యకండి.

ఆ మువ్వ ఎవరిదో మూడో రోజు తెలిసింది. తోటమాలి తాతే కనుక్కుని పిలిపించాడు. ఐదేళ్ల పాప, ఒక పట్టీకి మువ్వ తక్కువ. మూడు రూపాయలు దానికే చాక్లెట్‌కి ఇచ్చేశాను. చారాణా మాత్రం నా దగ్గరే ఉంది. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతులో దొరికిందో కాగితం మీద రాసి దాంతో పాటే పెట్టాను.