మనసుకు తగిలిన దెబ్బకు లెక్క ఏదీ?

"కరోనా పోయింది, ఇంకా దాని మాట ఎందుకు?" అనే వారికి మాది ఒకటే ప్రశ్న. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూతో మొదలైన నిర్బంధం కుటుంబాల మనసులకు చేసిన నష్టాన్ని ఎవరు లెక్కగట్టారు? తార్నాక పరిసరాల్లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వైరస్‌ను పరీక్షించారు, దాని జన్యుక్రమాన్ని చదివారు. వారికి కృతజ్ఞులము. మరి ఒకే గదిలో నెలల తరబడి తలుపు మూసుకొని బతికిన కుటుంబపు గుండెకోతను చదవవలసింది ఎవరు?

ఉస్మానియా క్యాంపస్ సంగతే చూడండి. ఆ మార్చి నెల మధ్యలో రాష్ట్రంలోని విద్యాసంస్థలన్నీ మూతపడ్డాయి. పేదింటి విద్యార్థికి, అందులోనూ ఆడపిల్లకు, హాస్టల్ గది అంటే చదువుకొనేందుకు దొరికిన కాస్త ఏకాంతం. అది పోయింది. ఇంటికి చేరితే నలుగురు పిల్లలకు ఒకే ఫోను, తండ్రికి పని లేదు, తల్లికి క్షణం తీరిక లేదు. బయట చూపలేని కోపం ఇంట్లో ఆడవారి మీద, పిల్లల మీద విరుచుకుపడింది. గృహహింస ఫిర్యాదుల కోసం జాతీయ మహిళా కమిషన్ 2020 ఏప్రిల్‌లోనే ప్రత్యేక వాట్సాప్ నంబరు ప్రకటించవలసి వచ్చింది.

ముస్లిం కుటుంబాలపై మరో బరువు కూడా పడింది. నిజాముద్దీన్ మర్కజ్ పేరుతో కొన్ని టీవీ ఛానళ్లు ఒక సమాజాన్నే రోగంగా చూపాయి. బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టు 21న విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయాన్ని వ్యక్తం చేసింది. నింద మోగినంత గట్టిగా ఆ తీర్పు మోగలేదు. మసీదులో తరావీహ్ లేని రంజాన్, గుండెకు హత్తుకోని ఈద్, జనాజాకు ఆత్మీయులు రాలేని చావు: దుఃఖాన్ని దించుకొనే చోట్లన్నీ మూతపడిన వేళలోనే ఈ నింద వచ్చి పడింది.

మనలోనూ లోపముంది. నిద్ర పట్టని వానిని ఈమాన్ తక్కువవాడంటాము. దిగులుపడిన కోడలికి తావీజు కట్టి ఊరుకుంటాము. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు ఉంచాడని బోధించిన ప్రవక్త (స) అనుచరులకు ఇది తగునా? దువా చేద్దాము, వైద్యుని వద్దకూ వెళదాము.

మానసిక చికిత్స పొందడం పౌరుల హక్కని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలిమానస్ సేవ వచ్చింది, మంచిదే. కానీ ఒంటిగది ఇంట్లో, అందరూ వింటుండగా, ఒక ఆడపిల్ల ఆ ఫోనులో ఏమని చెప్పుకోగలదు? "పిచ్చాసుపత్రి" అన్న ముద్రకు భయపడి ఎర్రగడ్డకు వెళ్లేవారెందరు?

అందుకే మేము అడుగుతున్నాము. ప్రతి బస్తీ దవాఖానాలో వారానికి ఒక్క రోజైనా ఉర్దూ, తెలుగు తెలిసిన మానసిక సలహాదారు కూర్చోవాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన ఉస్మానియా, తన మనస్తత్వశాస్త్ర విభాగాన్ని తార్నాక, లాలాపేట, మాణికేశ్వరి నగర్ గడపలకు పంపి కుటుంబాల గోడు నమోదు చేయించాలి. మసీదు కమిటీలు ఒక గదిని, ఒక పూటను ఇందుకు కేటాయించాలి. లెక్కలోకి ఎక్కని బాధకు బడ్జెట్టులో పైసా రాదు. ఆ లెక్క రాయించే వరకు అడుగుతూనే ఉందాము.