పంచాయతీ కొట్టే కలుపు మందు గురించి గ్రామసభలో అడగాల్సింది మనమే

పై వీడియోలో వర్మీకంపోస్ట్ తొట్లు చూశారు కదా, ఆ షెడ్డు ఒక పంచాయతీది, ‘చెత్త నుంచి సంపద’ కేంద్రం. వీడియోలో తయారీ వరకే చెప్పాను. ఆ షెడ్డు చూసినప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్న సంగతి ఇంకొకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నా.

ఊరి ఆరోగ్యం కోసం పంచాయతీ ఏం చేస్తోంది అని ఎవరినైనా అడగండి. బ్లీచింగ్ చల్లింది, కాలువ పూడిక తీసింది, జ్వరాలు వస్తే ఫాగింగ్ కొట్టించింది అంటారు. అవి కావాల్సినవే. (ఫాగింగ్ సంగతి మాత్రం, ఎగిరే దోమ చస్తుంది, తొట్టిలో పిల్ల దోమ హాయిగా పెరుగుతుంది.) అయితే వానలు పడి బడి ఆవరణలో, వాటర్ ట్యాంకు చుట్టూ, శ్మశానం దారిలో గడ్డి పెరిగిందనుకోండి, అప్పుడు అదే పంచాయతీ ఏం చేస్తుంది? నేను తిరిగిన చాలా ఊళ్లలో కలుపు మందే కొట్టిస్తోంది. కొట్టేది పారిశుద్ధ్య కార్మికుడు. చేతికి గ్లవ్స్ ఉండవు, ముక్కుకి ఒక తువ్వాలు. గడ్డి పూర్తిగా ఎండక ముందే పిల్లలు అదే గ్రౌండులో కబడ్డీ ఆడుతుంటారు.

ఇలా కొట్టే మందుల్లో పేరున్నది గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేది’ అనే 2ఎ వర్గంలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. ఆ గొడవ ఎప్పుడు తేలుతుందో చూస్తూ మనం కూర్చోనక్కర్లేదు. ఎందుకంటే 2022 అక్టోబర్‌లో మన కేంద్ర ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇచ్చింది, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడకూడదని. మరి పంచాయతీ కార్మికుడి భుజానికి ఆ స్ప్రేయర్ ఎవరు తగిలించినట్టు?

‘పంచాయతీకి ఏం పవర్ ఉందండీ, అంతా పైవాళ్లదే’ అంటారు మనవాళ్లు. సగం నిజమే. పురుగుమందుల అమ్మకం 1968 చట్టం కిందకి వస్తుంది, దుకాణం మూయించే అధికారం సర్పంచ్‌కి లేదు. కానీ బడి, ట్యాంకు, రోడ్డు పక్క, చెరువు గట్టు, అంటే పంచాయతీ తన మనుషులతో తన డబ్బుతో శుభ్రం చేయించే చోట ఏం కొట్టాలో ఏం కొట్టకూడదో అది పంచాయతీ నిర్ణయమే. దానికి ఏ జీవో కోసమూ ఎదురు చూడక్కర్లేదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇవ్వదగ్గ అంశాలు 29 ఉన్నాయి. మొదటిది వ్యవసాయం, 11వది తాగునీరు, 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఈ మూడూ వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి గానీ ఊళ్లో బతికే మనిషికి మూడూ ఒకటే.

పాల్వంచ మండలం పునుకుల పేరు మనలో చాలామందికి తెలుసు. పత్తికి మందు మీద మందు కొట్టి, అప్పులపాలై, మందు వాసనకి పడిపోయి ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఊరు. అక్కడ రైతులు వేప గింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, లింగాకర్షక బుట్టలతో ఒక్కో పొలమే మారుతూ వచ్చారు. 2004 నాటికి ఊరు మొత్తం పురుగుమందులు మానేసింది. నాకు నచ్చింది ఆ తర్వాతి పని. పంచాయతీ తీర్మానం చేసింది, మా ఊరు పురుగుమందులు లేని ఊరు, డీలర్లు ఇక్కడ అమ్మకానికి రావద్దని. అది చట్టం కాదు, విన్నపమే. అయినా ఊరంతా ఒక మాట మీద నిలబడితే విన్నపానికీ విలువ ఉంటుంది. పొలాలు ముందు మారాయి, కాగితం తర్వాత వచ్చింది. ఆ వరస గుర్తుపెట్టుకోవాలి. నలుగురు రైతులు కూడా మారని ఊళ్లో పెద్ద తీర్మానం రాస్తే అది బీరువాలోకే పోతుంది. అందుకే నేను బడి, ట్యాంకుతో మొదలుపెట్టమంటున్నా. దీనివల్ల ఎవరి పంటకీ నష్టం లేదు, కాదనేవాళ్లూ తక్కువ.

కలుపు మందు బదులు ఏం చేయాలి అంటే, పూత రాకముందే బ్రష్ కట్టర్‌తో కోయడం. ఖర్చు ఎక్కువే, మందు ఒకసారి కొట్టే చోట రెండు మూడుసార్లు కోయాలి. కోసిన పచ్చి గడ్డి షెడ్డుకి పంపితే కంపోస్టుకి మేత. ఆ షెడ్డు ఎరువు విషయంలో మాత్రం జాగ్రత్త. తడి చెత్త ఇంటి దగ్గరే వేరు చేయకపోతే అందులో బ్యాటరీలు, ట్యూబ్‌లైటు ముక్కలు, డైపర్లు అన్నీ కలుస్తాయి. అలాంటి ఎరువు నేనైతే నా మడిలోకి రానివ్వను. 15వ ఆర్థిక సంఘం 2021–26 గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఇచ్చింది, కాబట్టి చెత్త వేరు చేయించడానికి డబ్బు దారే లేదనడం కుదరదు.

నీళ్ల సంగతి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడకం నేర్పించాలి. దాంతో నైట్రేట్ తెలుస్తుంది, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పురుగుమందు అవశేషం మాత్రం ఆ కిట్‌లో తెలియదు, దానికి ల్యాబ్‌కి పంపాల్సిందే. నైట్రేట్ యూరియా నుంచే వస్తుందని చంకలు గుద్దుకోకండి. మన పెంటకుప్ప, పశువుల కొట్టం మూత్రం, లెట్రిన్ గుంట బోరు పక్కనే ఉంటే వాటి నుంచీ దిగుతుంది. ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాం కదా అని మన గుంట దగ్గర నైట్రేట్ ఆగిపోదు.

మన వాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. జీవామృతం గురించి గంటలు మాట్లాడతాం, గ్రామసభ అంటే పొలం పని ఉందంటాం. అక్కడ పెన్షన్ల గురించి, సీసీ రోడ్ల గురించి అడిగేవాళ్లు ఉంటారు, నీళ్ల పరీక్ష ఫలితం అడిగేవాళ్లు ఉండరు. వచ్చే ఏడాది ప్రణాళిక పని మామూలుగా అక్టోబర్ 2 గ్రామసభ నుంచి మొదలవుతుంది. ఆ రోజు ఒక్క పేజీ అర్జీ చాలు. బడి, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు దగ్గర కలుపు మందు కొట్టకూడదు. బోరు నీళ్ల ఫలితం పంచాయతీ బోర్డు మీద రాయాలి. తడి చెత్త వేరుగా ఎత్తాలి. కింద పది సంతకాలు, వాటిలో నాలుగైనా ఆడవాళ్లవి, ఒకటి ఆ స్ప్రేయర్ మోసే కార్మికుడిది ఉండేలా చూడండి. కార్యదర్శి దగ్గర అందినట్టు సంతకం తీసుకుని, తీర్మానాల పుస్తకంలో ఎక్కించేదాకా అక్కడే కూర్చోండి.