రాత్రి మోత నిద్రకు అలవాటవుతుందా?

ప్రశ్న: మేము కొత్తపేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో మూడో అంతస్తులో వుంటున్నాం. ఎదుటి మేడమీద బారు పెట్టి, శుక్ర, శనివారాలు అర్ధరాత్రి దాటేదాకా డి.జె. వేస్తున్నారు. మా మామగారికి 71 ఏళ్లు. బి.పి. వుంది. నిద్ర పట్టక మందుల షాపులో అడిగి నిద్రమాత్ర తెచ్చి వేస్తున్నాం. "పండ్ల మార్కెట్టు లారీల మోతలో యిన్నాళ్లు పడుకోలేదా, యిదీ అలవాటవుతుంది" అంటారు మావారు. నిజమేనా?
– ఒక గృహిణి, కొత్తపేట

జవాబు: మీవారి మాటలో సగం నిజముందమ్మా. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో మూతపడి బాటసింగారం తరలేదాకా ఆ చుట్టుపక్కలవాళ్లు లారీల నడుమే నిద్రపోయారు. రోజూ వినే చప్పుడుకు మెలకువ రావడం తగ్గుతుంది. గుండె మాత్రం అంత సులువుగా అలవాటు పడదు. నిద్రలోనూ చెవి పనిచేస్తూనే వుంటుంది. చప్పుడైనప్పుడల్లా నాడి వేగం హెచ్చుతుంది, బి.పి. కాసేపు లేస్తుంది. తెల్లవారితే మనకేమీ గుర్తుండదు. మామూలుగా నిద్రలో బి.పి. పగటికంటె 10 శాతమైనా దిగాలి. గుండెకు దొరికే విశ్రాంతి అదే. మీ మామగారికి అది దక్కడం లేదేమో చూడాలి.

పైగా డి.జె. మోత వేరు. పాట మాటలు మీకు వినపడవు, దరువు మాత్రం మంచందాకా వస్తుంది, అవునా? బరువైన శబ్దం గోడల్నీ, మూసిన కిటికీల్నీ దాటి వస్తుంది. చెవిలో దూది పెడితే ఆగేది కాదు. స్పాంజి బిరడాలు కొంత నయం. అయితే చెవి కారేవాళ్లు వాడకూడదు. యింట్లో అందరూ పెట్టుకోవద్దు, పెద్దాయన పిలిస్తే వినడానికి ఒకరుండాలి.

నిద్రమాత్ర సంగతి ముందు తేల్చండి. డాక్టరు చీటీ లేకుండా అది అమ్మడమే తప్పు. ఈ వయసులో మత్తుతో రాత్రి బాత్‌రూముకు లేచి, పడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో. చాలారోజులుగా వేస్తూంటే హఠాత్తుగా మానవద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఏదైనా రాత్రి వేసుకుంటున్నారేమో కూడా అడగండి. మంచం వెనకగదిలోకి మార్చండి. వారం రోజులు పొద్దున మాత్ర వేసుకునే ముందు, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, బి.పి. రెండుసార్లు చూసి రాయండి. పక్కనే ఆ రాత్రి మోత ఎప్పుడాగిందో రాయండి. ఆ కాగితం డాక్టరుకూ పనికొస్తుంది, పోలీసులకూ పనికొస్తుంది.

"వ్యాపార వీధిలో కాపురమెందుకు పెట్టారు?" అంటారు బారువాళ్లు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతానికి 45 డెసిబెల్స్, వ్యాపార ప్రాంతానికి 55 పరిమితి. యిళ్లూ దుకాణాలూ కలిసిన వీధి ఏ తరగతిలోకి వస్తుందో అధికారులు నిర్ణయించాలి. మీ సందు ఎందులో వుందో కాలనీ సంఘం తరఫున అడగండి. వ్యాపార వీధే అయినా 55 దాటకూడదుగదా! ఒక చిక్కుంది. ఆ కొలత బరువైన దరువును తక్కువగా లెక్కగడుతుంది, కాబట్టి మీటరు 'సరే' అన్నా గుండెల్లో మోగవచ్చు.

సంఘంగా వెళ్తే వినేవాళ్లుంటారు. జూబిలీహిల్స్ నివాసుల సంఘం పిటిషన్‌మీద 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 తరువాత పబ్బుల్లో సంగీతం వద్దని ఉత్తర్వు యిచ్చింది. తరువాత దాన్ని అక్కడి కొన్ని పబ్బులకే పరిమితం చేసింది. మీరు మోత సాగుతూండగానే 100కు ఫోన్ చేయండి, మర్నాడు స్టేషన్లో రాతపూర్వకంగా యివ్వండి. బారు యజమానితో మాట్లాడేటప్పుడు స్పీకర్లు మీవైపు కాక లోపలికి తిప్పమనీ, బేస్ తగ్గించమనీ అడగండి. ఆ గదిలో రాత్రంతా నిలబడి వడ్డించే కుర్రాళ్ల చెవులకూ అది మేలే.

మామగారికి ఛాతీలో బరువు, ఆయాసం, మాట తడబడడం కనిపిస్తే మాత్రం ఈ కాగితాలన్నీ పక్కనబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయండి.