సిపాయి తూటాల పట్టెడ

యుద్ధసామగ్రిని సేకరించు వేడుక పాశ్చాత్యదేశములలో నేడొక పెద్ద వ్యాపారముగా పరిణమించినది. అందును, సైనికుడు తూటాలను మోయుటకై ఱొమ్మునను నడుమునను తగిలించుకొను పట్టెడలకు, సంచులకు, చేతులులేని చొక్కాలకు గల గిరాకి చూచిన ఆశ్చర్యము కలుగును. 1942 ప్రాంతమున ఆంగ్లేయ సైన్యమునందలి కర్నలు రివర్సు మాక్‌ఫర్సను రూపొందించిన 'బ్యాటిల్ జెర్కిను' అను కాన్వాసు చొక్కాయు, దాని పోలికను అమెరికావారు కుట్టించి 1944 జూను 6వ తేదీన నార్మండీ తీరమున దిగిన దళములలో కొందఱికి తొడిగిన చొక్కాయు సేకరణకర్తలకు కన్నుల పండువులు. అవి అరుదగుటకు కారణము వింతైనది. అమెరికా చొక్కా సముద్రపు నీట నాని బరువెక్కి ప్రాణముమీదికి తెచ్చుచుండగా సిపాయిలు దానిని విప్పి పారవేసిరి. నాడు పనికిమాలినదని పారవేసినందుననే నేడది అపురూపమైనది!

కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము పఠనమందిరములలో కూర్చుండువారికి ఈ గొడవ యేలయని పాఠకులు అడుగవచ్చును. మనకును అట్టి పట్టెడలు కలవు. మనమును వానిని పారవేయుచున్నాము. భేదమెల్ల, మన పట్టెడలను తరువాత వెదకువారు లేకపోవుటయే.

మొదటి ప్రపంచయుద్ధమునకు ఈ దేశమునుండి పదిలక్షలకు పైబడిన జనము సముద్రము దాటిరి. డెబ్బదినాలుగు వేలమంది తిరిగి రాలేదు. రెండవ యుద్ధమున సైన్యమునందు చేరినవారు 25 లక్షలు; అసువులు బాసినవారు 87 వేలు. ఇందు తెలుగువారి పాలు తక్కువది కాదు. పశ్చిమగోదావరియందలి మాధవరమునకు 'మిలిటరీ మాధవరము' అను పేరు ఊరక రాలేదు గదా! కుప్పమునకు ఒక పూట ప్రయాణములోనున్న బెంగుళూరున, ఉల్సూరు చెరువుచెంత, మదరాసు సాపర్ల దళము నెలకొని యున్నది. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు తరతరములుగా అందు చేరుచున్నారు. అట్టివారి యిండ్లలోని ట్రంకుపెట్టెల యడుగున ఏమున్నదో విచారించిన వారెవరు? పట్టెడ యెద్దుల మెడకు గంటలు గట్టుటకు పోయినది. సంచి విత్తనములకు పోయినది. మిగిలినది పాతసామానులవాని తక్కెడలోనికి పోయినది.

ఆ వస్తువునందేమున్నదో కొంచెము విప్పి చెప్పుదుము. 1903 నాటి తోలుపట్టెడ భుజముమీదుగా ఱొమ్మునకు అడ్డముగా పడును. దానికి ఐదు అరలు. అరకు పది తూటాలు. తరువాత 1908లో వచ్చిన నూలుపట్టెడకు పది సంచులు; అందు 150 తూటాలు పట్టును. త్రీనాట్‌త్రీ తూటా యొక్కటి ఇంచుమించు 25 గ్రాముల బరువు. లెక్క కట్టినచో తూటాల బరువే మూడుమ్ముప్పావు కిలోలు. ఇక తుపాకి, నీళ్ల సీసా, పార, దుప్పటి వేఱు. 1914లో ఫ్రాన్సు కందకములలో గట్టున కానుకొని నిలిచిన సైనికులకు ఎడమవైపు సంచుల మూతలు ఊడి తూటాలు బురదలో రాలిపోసాగెను. అందుపై ఆ సంచులకు ఒక అదనపు పట్టీ కుట్టించిరి. ఆ చిన్నపట్టీయే ఒక అధ్యాయము. 1937 నాటి పద్ధతిలో చిన్నసంచులు పోయి రెండు పెద్దసంచులు వచ్చినవి. వానిలో పెట్టినవి తఱచుగా సిపాయి తన తుపాకి తూటాలు కావు. తన జట్టులో బ్రెన్ మరతుపాకి పేల్చువాని కొఱకు తెచ్చు తూటాల పెట్టెలు! తోడివాని ప్రాణమును తన ఱొమ్మున మోసినాడనుట యిచ్చట అతిశయోక్తి కాదు.

కొందఱు మిత్రులు వేఱొక యాక్షేపణ తెచ్చెదరు. పరప్రభువు కొఱకు మోసిన బరువును మనమేల దాచవలెను? బానిసత్వపు గుర్తునకు పూజలా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. 1857లో తూటాలకు పూసిన క్రొవ్వే తిరుగుబాటునకు నిప్పంటించినది. 1878 ఆయుధశాసనము లైసెన్సు లేనిదే దేశీయుడు తన యింట తుపాకి యుంచరాదన్నది. తెల్లవారిని మాత్రము విడిచిపెట్టినది. ఇంటిలో నమ్మని ఆ మనుష్యునికే ఏబది తూటాలు ఱొమ్మున గట్టి సముద్రము దాటించిరి. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము ఆ పరిపాలనమును గూర్చి యేమి కావలెను? గుర్తు చెడ్డదగుటచేతనే దానిని దాచవలెనని మా వాదము. మఱియొకటి: ఆ పట్టెడలు ధరించినవారినుండియే సింగపూరులో ఆజాద్ హింద్ ఫౌజు పుట్టినది. 1945లో ఎఱ్ఱకోటలో విచారణకు నిలిచినవారు మొదట ఏ సైన్యమువారు? పొట్టకూటికై చేరినవానిని ద్రోహియని, విడిచి వచ్చినవానిని వీరుడని రెండు గదులలో పెట్టుటకు వీలుగాదు. ఒక్కడే మనుష్యుడు రెండు గదులలోను కనబడును.

మన ప్రదర్శనశాలలు నవాబుల కత్తులకును రాజుల కవచములకును చోటిచ్చినవి, ఇచ్చుట మంచిదే. హైదరాబాదు సాలార్జంగు ప్రదర్శనశాలలోని ఆయుధములను చూచి మురియనివారు లేరు. కలికిరి చేరువనున్న గుఱ్ఱముకొండ కోటను 1791లో నిజాము, ఆంగ్లేయ సైన్యములు ముట్టడించిన కథను మనవారు నేటికిని చెప్పుకొందురు. కాని ఆ కోట గోడలకు నిచ్చెన వేసిన సిపాయి నడుమునకు కట్టుకొన్న తూటాల పెట్టె యెట్టిదో చూపగలవారు అరుదు.

ఇక వర్తకుల మాట. పాతపట్టెడలకు నకళ్లు మన దేశముననే తయారై పరదేశములకు ఎగుమతి యగుచున్నవి. తాత మోసిన అసలు పట్టెడ చిత్తుకు పోవుచుండగా మనుమడు నకలు కుట్టి డాలర్లు గడించుట మన కాలపు చమత్కారము! అసలు వస్తువుపై ములికి బాణపు గుర్తుండును. కెనడాలో కుట్టినదానికి 'సి' యను ఆంగ్లాక్షరము, మన దేశమున కుట్టినదానికి 'ఐ' యను అక్షరము ఆ బాణముతో కూడియుండును. మన నూలు ముతక. విదేశీయులు దానిని చౌకసరకని తక్కువ చేయుదురు. చేయనిండు. కాన్పూరు జీను కార్ఖానాయందును, నేడు మూతబడిన మదరాసు బకింగ్‌హాము కర్ణాటకు మిల్లులయందును యుద్ధకాలమున రేయింబవళ్లు శ్రమించిన కూలీలు మనవారే. మాకు ఆ ముతకయే ముద్దు. సంచిలోపల సిరాతో వ్రాసిన సైనికుని సంఖ్య యున్నచో అది మఱింత విలువైనది. అందమునకై దానిని ఉతుకువాడును, ఇత్తడి బకిల్సుల చిలుమును గీకి మెఱుగుపెట్టువాడును సేకరణకర్త కాడు.

ఒక్క హెచ్చరిక. ఏ సంచిలోనైన నిండుతూటా దొరికినచో ముట్టక పోలీసువారికి తెలుపవలెను. 1959 ఆయుధచట్టము ప్రకారము అనుమతిలేక దానిని ఉంచుకొనుట నేరము; ప్రాణాపాయము సరేసరి.

కలికిరియందు 2014లో సైనికపాఠశాల వెలసినది. 1962లో స్థాపించిన కోరుకొండ పాఠశాల తరువాత ఆంధ్రదేశమున ఇది రెండవది. రేపు సేనానులు కాగోరు బాలురకు, నిన్నటి సాధారణ సిపాయి మోసిన బరువును ఒకసారి చేతబట్టి చూచు భాగ్యము కలుగవలదా? అచ్చట ఒక గది, నాలుగు అద్దపు బల్లలు చాలును. పట్టెడనిచ్చినవాని పేరు కాదు, మోసినవాని పేరు పైన వ్రాయవలెను.

పట్టెడలేని యిండ్లు పెక్కు. అచ్చట అడుగవలసినవి పేరు, ఊరు, దళము, సంఖ్య. 1944లో కోహిమాలో నిలిచినవారిని అడుగు కాలము మించిపోయినది. 1971లో ఇరువదియేండ్లవాడు నేడు డెబ్బది దాటినవాడు; సాయంకాలము ఏ రచ్చబండమీదనో కనబడుచునే యున్నాడు. పఠనమందిరపు బల్లమీద వార్తాపత్రికల ప్రక్కన ఒక నోటుపుస్తకమును, దారముతో కట్టిన పెన్సిలును ఉంచుటకు కార్యదర్శి యనుమతి చాలును. సర్కారు ఉత్తరువు అక్కఱలేదు.