నిమ్మకాయ వెనకున్న బండి

ఢిల్లీలో శనివారం పొద్దున ఏ కూడలిలో నిలబడినా, సరుకు బండ్లకు ఓ నిమ్మకాయా, నాలుగు పచ్చిమిరపకాయలూ వేలాడుతూ కనిపిస్తాయి. హేతువాదులం కాబట్టి చూసి నవ్వుకుంటాం. నాకు మాత్రం ఈమధ్య ఆ నిమ్మకాయ కంటే దాని వెనకున్న బండి మీదే ఎక్కువ సందేహం కలుగుతోంది. అసలు ఈ పికప్పులను జనం ఎందుకు కొంటున్నారు?

ముందు పని కోసం కొనేవాళ్ల సంగతి చూద్దాం. 2005లో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజను, ముప్పాతిక టన్ను మోత. ఇక్కడ అందరూ దాన్ని ‘ఛోటా హాథీ’ అంటారు. పెద్ద లారీలను పగటిపూట నగరంలోకి రానివ్వరు. ఆజాద్‌పూర్ మండీలో దిగిన కూరలు పేటలకు చేరాలంటే సందుల్లో తిరగగల బండి ఉండాలి. ఇది నిజమైన అవసరమే. అయితే ఆ బండి తయారీకి ముందు కంపెనీవాళ్లు మూడు చక్రాల బండ్లవాళ్లను కదిలిస్తే, నాలుగు చక్రాల బండి ఉంటే ఊళ్లో మంచి పెళ్లి సంబంధం దొరుకుతుందని ఒకతను చెప్పాడట! టన్నుల లెక్కలోకి పరువు కూడా వచ్చి కూర్చుందన్నమాట.

ఇక సొంతానికి కొనేవాళ్లు. మన శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైంది 2016లో. అదే ఏడాది వి-క్రాస్ వచ్చింది. 2022లో టొయోటా హైలక్స్ వచ్చింది, అప్పటి ధర దాదాపు 34 లక్షలు. గురుగ్రామ్‌లో ఇలాంటి బండి ఉన్న ఒక మిత్రుణ్ణి ఎందుకు కొన్నావని అడిగాను. కొండలెక్కుతుంది, సామాను పడుతుంది, పెద్దది కాబట్టి భద్రం అన్నాడు. పోయిన ఏడాది వెనక తొట్టిలో ఎన్నిసార్లు సామాను వేశావని అడిగితే మాట మార్చాడు.

పికప్పు మోజు అమెరికావాళ్ల రక్తంలోనే ఉందని కొందరంటారు. యూరప్ దేశాలు అమెరికా కోళ్ల మీద సుంకం పెంచాయని, 1964లో అమెరికా బయటి నుంచి వచ్చే చిన్న ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేసింది. కోళ్ల గొడవ సద్దుమణిగినా పన్ను పోలేదు. దాని చాటున అక్కడి కంపెనీలకు పికప్పులు మంచి లాభాల సరుకయ్యాయి. ‘నా ఇష్టం’ అని మనం అనుకునేదాంట్లో ఇలాంటి పన్నులకూ, ప్రకటనలకూ ఎంత వాటా ఉందో ఆలోచించండి.

మా కాలనీకి కూరలు తెచ్చే ఒకాయన శనివారం నిమ్మకాయ మార్చడం ఏనాడూ మరవలేదు. డీజిలూ, వాయిదాలూ పోగా మిగిలిందంతా లాభమే అనుకునేవాడు. నేను జీవితమంతా పద్దులు చూసినవాణ్ణి కనుక తరుగుదల ఏదని అడిగాను. ఆరు లక్షల బండి పదేళ్లకు చెల్లిపోతుందనుకుంటే ఏడాదికి 60 వేలు. నెలకు పాతిక రోజుల పని అనుకుంటే రోజుకు 200 రూపాయలు. అది పక్కన పెట్టాలన్నాను. నవ్వేశాడు.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లోనే చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో కొంత సడలింపు ఇచ్చినా, డిసెంబరుకల్లా దాన్ని బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఆయన బండికి పదేళ్లు నిండింది 2022లో, ఏ సడలింపూ లేని రోజుల్లో. అయినకాడికి తుక్కు కింద అమ్మేశాడు. చేతిలో డబ్బు లేదు. కూతురి కాలేజీ ఫీజుకు దాచింది కొత్త బండి ముందస్తు సొమ్ముకు పోయింది. ఎవరి దిష్టో తగిలిందన్నాడు. నాకు కోపం రాలేదు. దిష్టి గురించి చెప్పినవాళ్లు వందమంది, తరుగుదల గురించి చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఇష్టపడి కొనడం తప్పని నేననను. ముచ్చటపడి కొన్నానని ఒప్పుకుంటే పేచీ లేదు. ముచ్చటను అవసరమని నమ్మడం దగ్గరే వస్తుంది చిక్కు. నిమ్మకాయ మూఢనమ్మకానికి వారానికి పదో పాతికో పోతాయి. ఈ నమ్మకానికి లక్షలు పోతాయి. చదువుకున్నవాళ్లం కాబట్టి మనకిది ఉండదనుకుంటే అది ఇంకో భ్రమ. మీరు ఏ బండి కొనబోతున్నా ముందుగా ఒక కాగితం మీద ఏడాదికి ఎన్ని రోజులు, ఎంత బరువు, ఎంత దూరం, ఎంత తరుగుదల అని రాసుకోండి. అదే పని అద్దె బండితో చేయిస్తే ఎంతవుతుందో పక్కన వేసి చూడండి. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి.