నిమ్మ మొక్క వాడితే "ఎవరు?" అని కాదు, "ఎందుకు?" అని అడగాలి

కుండీలో నిమ్మ మొక్కను పెంచడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. అడుగున చిల్లు ఉన్న కుండీ, గుల్లగా ఉండే మట్టి, చాలినంత ఎండ, తగినంత నీరు. ఈ నాలుగూ కుదిరితే డాబా మీదయినా కాయలు కాస్తుంది. అయితే కుండీలోని మొక్కకు అప్పుడప్పుడూ జబ్బు కూడా చేస్తుంది. ఆకులు పసుపు పచ్చనవుతాయి, కొమ్మలు వాడతాయి, పూత రాలుతుంది. అటువంటప్పుడు చాలా ఇళ్ళలో మొదట వినిపించే ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. "మైల రోజుల్లో మొక్కను ఎవరయినా ముట్టుకున్నారా?"

తులసి, కరివేపాకు, మల్లె, నిమ్మ మొక్కలను బహిష్టు సమయంలో ఆడవాళ్ళు తాకితే అవి మాడిపోతాయని ఒక నమ్మకం ఉంది. మన విద్యార్థినుల్లో చాలామంది ఈ మాట విన్నవాళ్ళే. తొమ్మిదో తరగతి అమ్మాయి కిరణజన్య సంయోగక్రియ గురించి పరీక్షలో చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటుంది. అదే వారంలో ఇంట్లో ఆమెను నిమ్మ కుండీకి దూరంగా ఉండమంటారు. ఈ పద్ధతి తప్పని నా అభిప్రాయం. ఇది ఆడపిల్లకు అవమానం. అంతేకాదు, మొక్కకు కూడా నష్టం. ఎందుచేతనంటే, నేరం మనిషి మీదకు నెట్టిన తరువాత అసలు కారణాన్ని వెతికేవారు ఉండరు. ఆ కారణం కుండీలోనే ఉండి మొక్కను చంపుతుంది.

కుండీలో ఏం జరుగుతుంది?

అసలు కారణాలేమిటో చూద్దాం. మొదటిది నీరు. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి. మట్టి రేణువుల నడుమ ఉన్న గాలి నుంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. కుండీ అడుగు చిల్లు మూసుకుపోతే ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు కనుక మట్టి తడిగా ఉన్నా ఆకులు వాడతాయి. అది చూసి దాహమేమో అనుకుని మనం మరో చెంబెడు నీళ్ళు పోస్తాం!

రెండోది మట్టి. బాపట్ల, సూర్యలంక వైపు ఇసుక నేలలు. తెనాలి, రేపల్లె వైపు డెల్టా నల్లరేగడి. ఉత్త ఇసుకలో పోసిన నీరు నిలవదు, ఎరువూ నిలవదు. ఉత్త రేగడి కుండీలో ముద్దకట్టి నీటిని వదలదు. అందుచేత తోట మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలపాలి. అడుగు చిల్లు మీద ఒక కుండపెంకు బోర్లించాలి. వేలు మట్టిలోకి రెండు కణుపుల లోతు దించి, తడి తగలనప్పుడే నీరు పోయాలి.

మూడోది ఉప్పు. సముద్ర తీరపు ఊళ్ళలో చాలా బోర్ల నీరు ఉప్పగా ఉంటుంది. నిమ్మజాతి మొక్కలు ఉప్పును తట్టుకోలేవు. పొలంలో అయితే వానలు ఉప్పును కడిగి లోపలికి దింపుతాయి. కుండీలో నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందా? ఆకుల అంచులు మాడుతున్నాయా? అయితే ఉప్పును అనుమానించాలి. మట్టిలోని నీటిలో ఉప్పు పెరిగినకొద్దీ ఆ నీటిని లాగడం వేళ్ళకు కష్టమవుతుంది. ద్రవాభిసరణ పాఠంలో మీరు చదివింది ఇదే. మంచినీరు గానీ, పట్టి ఉంచిన వాననీరు గానీ అడుగు చిల్లులోంచి ధారగా కారేంత వరకు పోస్తే ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

ఇక ఆకుల రంగు. ముదురు ఆకులు ముందుగా పచ్చబడితే నత్రజని చాలడం లేదని అర్థం చేసుకోవచ్చు. లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, నడుమ భాగం పసుపు పచ్చగా మారితే ఇనుము, జింకు వంటి సూక్ష్మధాతువుల లోపం కావచ్చు. ఆకు మీద వెండి తీగలాంటి వంకర గీతలుంటే అది ఆకు తొలుచు పురుగు పని. ఆకుల మీద, కాయల మీద గరుకైన గోధుమరంగు పొక్కులుంటే గజ్జి తెగులు. దానికి కారణం ఒక బాక్టీరియా. పోతే, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలకపోతే నిమ్మ సరిగా పూయదు.

ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే మొక్కను దగ్గరగా చూడండి. పిట్ట రెట్టలాగా కనిపించేది కదిలిందంటే అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనుక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. చిన్న మొక్క మీద ఉన్నవాటిని చేత్తో ఏరేస్తే చాలు, మందు చల్లనక్కరలేదు. ఒకదాన్ని జాడీలో ఆకులు వేసి పెంచి చూడండి. నలుపు మీద లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక బయటికి వస్తుంది.

ఇన్ని కారణాలు చెప్పుకున్నాం. ఏ ఒక్కదానిలోనయినా ఆడపిల్ల చెయ్యి ఉందా?

ఒక లెక్క

"కాదు మాస్టారూ, మా ఇంట్లో నిజంగానే అలా జరిగింది" అని మీలో కొందరు అనవచ్చు. లెక్క వేసి చూద్దాం. ఒక ఇంట్లో తల్లి, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరికి నాలుగు రోజులు, అవీ వేరువేరు రోజులు అనుకుంటే, నెలకు పన్నెండు రోజులు. 30 రోజుల్లో 12 అంటే నూటికి 40. అనగా మొక్క ఉప్పు వల్లనో, పురుగు వల్లనో వాడినా, అది అటువంటి రోజునే పడే అవకాశం నూటికి 40 పాళ్ళు ఉంది. అలా పడినప్పుడు అందరూ గుర్తుంచుకుంటారు. మిగిలిన రోజుల్లో వాడిన సంగతిని మరచిపోతారు. తాకినా వాడకుండా ఉన్న రోజులను ఎవరూ లెక్కపెట్టరు. ఒక వైపు మాత్రమే లెక్కపెడితే ఏ నమ్మకమైనా నిజంగానే కనిపిస్తుంది.

రెండు వైపులా లెక్కపెట్టే పద్ధతికి సైన్సు చరిత్రలో నిమ్మజాతి పండ్లే ఒక గొప్ప ఉదాహరణ ఇచ్చాయి. 1747లో సాలిస్‌బరీ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు స్కర్వీ జబ్బు చేసిన 12 మంది నావికులను ఆరు జతలుగా విడదీశాడు. అందరికీ ఒకే రకం భోజనం. చికిత్స మాత్రం జతకొకటి. ఒక జతకు సముద్రపు నీరు, మరొక జతకు వినిగర్, ఇలా ఇచ్చాడు. ఒక జతకు నారింజలు, మన నిమ్మకు చుట్టమైన పెద్ద నిమ్మపండ్లు ఇచ్చాడు. పండ్లు తిన్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. పోల్చి చూడటానికి మిగిలిన జతలు ఉన్నాయి కాబట్టే ఆ ఫలితానికి విలువ వచ్చింది.

పోల్చి చూడకపోతే శాస్త్రజ్ఞులైనా పొరబడతారు. డిఫ్తీరియా పరీక్షతో పేరు పొందిన బేలా షిక్ అనే వైద్యుడు 1920లో ఒక వ్యాసం రాశాడు. బహిష్టులో ఉన్న స్త్రీ చేతిలో పూలు త్వరగా వాడాయనీ, ఆమె శరీరంలో ఏదో విషం ఉందనీ అందులో ఆయన అన్నాడు. తరువాత జరిగిన పరిశోధనల్లో అటువంటి ప్రత్యేక విషం ఉన్నట్టు రుజువు కాలేదు. ఋతుస్రావంలో ఉండేది రక్తం, గర్భాశయపు లోపలి పొర కణజాలం, స్రావాలు. చెట్టును మాడ్చే పదార్థం చేతి వేళ్ళలోకి వచ్చే దారి ఏదీ లేదు.

పొలం చెప్పే సాక్ష్యం

ఇంట్లో ప్రయోగం చేద్దామని ఎవరినీ "నీకు ఏ రోజుల్లో?" అని అడగకండి. అది వారి సొంత విషయం. అడగనక్కరలేని సాక్ష్యం మన కళ్ళ ముందే ఉంది. కృష్ణా డెల్టాలో వరి నాట్లు వేసేది ఎక్కువగా స్త్రీలే. నాట్ల రోజుల్లో వందలమంది ఆడకూలీలు ప్రతి మొలకనూ వేళ్ళతో పట్టుకుని నాటుతారు. వారిలో ఏ రోజయినా కొందరు బహిష్టులో ఉండక తప్పదు. వారు నాటిన వరుసలు వేరుగా మాడిపోవడం ఎవరయినా చూశారా? ఆ బియ్యమే మనం తింటున్నాం. నర్సరీల్లో అంటు మొక్కలకు నీళ్ళు పోసే స్త్రీలున్నారు. బాపట్లలో 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాలలో అమ్మాయిలు మొక్కల మధ్యనే చదువుతున్నారు. కూలి ఇచ్చి పని చేయించుకునేటప్పుడు అడ్డురాని మైల, పెరట్లో కుండీ దగ్గర మాత్రం ఎందుకు అడ్డురావాలి?

"ఆ నాలుగు రోజులూ ఆడపిల్లకు విశ్రాంతి ఇవ్వడానికే పెద్దలు ఇలా పెట్టారు" అనేవారున్నారు. విశ్రాంతి కావలసిన వాళ్ళకు తప్పక ఇవ్వాలి. దానికి "నువ్వు తాకితే చెట్టు చస్తుంది" అని చెప్పనక్కరలేదు. "నీకు నీరసంగా ఉంది, కూర్చో, తమ్ముడు నీళ్ళు పోస్తాడు" అంటే సరిపోతుంది.

మీరు చేయవలసింది

నాయనమ్మతో, అమ్మమ్మతో తగవు పెట్టుకోకండి. వాళ్ళు కూడా చిన్నప్పుడు ఆ మాట పడినవాళ్ళే. దాని బదులు నర్సరీ నుంచి ఒక అంటు నిమ్మ మొక్క తెచ్చుకోండి. గింజ నుంచి పెంచిన మొక్క కన్నా అది ముందుగా, సాధారణంగా రెండు మూడేళ్ళలో కాపుకు వస్తుంది. కుండీ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. నీరు పోసిన తేదీ, ఎరువు వేసిన తేదీ, ఆకులో కనిపించిన మార్పు, దానికి మీరు కనిపెట్టిన కారణం అందులో రాయండి. ఇంట్లో అక్కా తమ్ముడూ ఉంటే పుస్తకం ఇద్దరిదీ, కుండీ కూడా నెలలో ముప్ఫై రోజులూ ఇద్దరిదీ. మొక్క వాడినప్పుడు ఇంట్లో పెద్దవారు "ఎవరు ముట్టుకున్నారు?" అని అడిగితే, ఆ పుస్తకం తెరిచి, కుండీ అడుగు చిల్లును చూపించండి.