ఫుల్ బాడీ చెకప్‌కు దుడ్లు కట్టకండి: ఊరి క్లినిక్‌లో మన పరీక్షలు మనం అడుగుదాం

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల రైతులకు, కూలీలకు, ధర్మవరం నేతన్నలకు, రాయదుర్గంలో కుట్టుమిషన్ల మీద పనిచేసే అక్కచెల్లెళ్లకు, బెంగళూరుకు వలసపోయి పండక్కి ఊరొచ్చే తమ్ముళ్లకు ఈ మాట.

శెనక్కాయ అమ్మిన దుడ్లు చేతికొచ్చే రోజుల్లో ఒకప్పుడు బట్టలవాళ్లు, చీటీలవాళ్లు ఊళ్లోకి వచ్చేవారు. ఇప్పుడు ల్యాబులవాళ్లూ వస్తున్నారు. ఎనభై పరీక్షలు, సగం ధర, ఇంటికొచ్చి రక్తం తీసుకుంటాం, రిపోర్టు ఫోన్‌కే పంపిస్తాం అంటున్నారు. రచ్చకట్ట దగ్గర ఉచిత శిబిరం పెట్టి వేలిమీద పొడిచి చూస్తారు. ఆ తర్వాత ఒక కార్డు చేతిలో పెట్టి, టౌనుకొస్తే మొత్తం ఒళ్లంతా చూస్తామని చెబుతారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ చేయించుకుంటే ఐదారు వేలు. పంట పోయిన ఏడు అది అప్పు, పండిన ఏడు అది పిల్లల ఫీజు.

చేయించుకోవాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు. ఒంట్లో ఏ బాధా లేని మనిషి సొంత దుడ్లు పెట్టి ఈ ప్యాకేజీ చేయించుకోనక్కర్లేదు. తప్పకుండా చేయించుకోవలసిన పరీక్షలు వేరే ఉన్నాయి. అవి ఐదారే. అవి మన ఊరి క్లినిక్‌లో, మన పీహెచ్‌సీలో పైసా తీసుకోకుండా ప్రభుత్వం చేయవలసినవి. అవి అందరికీ అందనందువల్లే ప్యాకేజీకి ఇంత గిరాకీ. అందుకే ఈ కరపత్రం.

ముందు ఆ ఎనభై లెక్క చూద్దాం. సీబీపీ అనే ఒక్క రక్తపరీక్షలో యంత్రం ఇరవైకి పైగా అంకెలు ముద్రిస్తుంది. కొవ్వు పరీక్షలో ఏడెనిమిది, లివరు పరీక్షలో పది పన్నెండు అంకెలు వస్తాయి. ప్రతి అంకెనూ ఒక పరీక్షగా లెక్కవేస్తే ఎనభై అవుతుంది. తీసేది మాత్రం మూడు నాలుగు చిన్న గొట్టాల రక్తం. సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఒళ్లంతా చూసినట్టు కాదు. ఆ ఎనభైలో నోరు తెరిచి చూసేది లేదు, రొమ్ము తడిమి చూసేది లేదు, గర్భసంచి ముఖద్వారం చూసేది లేదు. మన ఆడవాళ్లను, పొగాకు నమిలే మగవాళ్లను చంపుతున్న క్యాన్సర్లు బయటపడేది ఆ చూపులతోనే.

ఇంకొక సంగతి. ఆరోగ్యంగా ఉన్న వందమందిలో 95 మంది అంకెలు ఏ హద్దుల మధ్య పడతాయో వాటినే చాలా పరీక్షలకు నార్మల్ అని పెట్టుకుంటారు. అంటే ఏ రోగమూ లేని ఐదుగురి రిపోర్టులో కూడా ఆ అంకె పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, నిక్షేపంగా ఉన్న వందమందిలో దాదాపు 64 మందికి కనీసం ఒక ఎర్ర గుర్తు వస్తుంది. ఎనభై చేస్తే చెప్పనక్కర్లేదు. ఆ గుర్తు చూసినాక నిద్ర పడుతుందా? మళ్లీ పరీక్ష, దాని మీద స్కాను, స్కానులో ఏదో మచ్చ, దానికి టౌనులో పెద్ద డాక్టరు, ఆయన బెంగళూరు పొమ్మంటాడు. మొదట కట్టిన రెండు మూడు వేలు అసలు ఖర్చే కాదు, ఈ దారికి టికెట్టు మాత్రమే.

మన ఎండల సంగతి కూడా గుర్తుంచుకోండి. రక్తం తీసిన గొట్టంలో కణాలు బతికే ఉంటాయి, అందులోని చక్కెరను తింటూనే ఉంటాయి. తగిన మందు కలిపిన గొట్టంలో తీయకుండా, కణాలను వేరుచేయకుండా ఉంచితే గంటకు వందలో ఐదారు వంతుల చక్కెర తరిగిపోతుంది. వేడిలో ఇంకా ఎక్కువ. కళ్యాణదుర్గం అవతలి పల్లెలో పొద్దున ఆరింటికి తీసిన రక్తం ఏప్రిల్ ఎండలో బైకు మీద తిరిగి తిరిగి మధ్యాహ్నానికి టౌను చేరి, అక్కణ్ణుంచి ఇంకో నగరానికి పోతే, షుగరున్న మనిషికి లేదని రిపోర్టు రావచ్చు. ఆ రిపోర్టు నమ్మి ఏడాదిపాటు నిశ్చింతగా తిరిగేవాడికి జరిగే నష్టాన్ని ఎవరు పూడుస్తారు?

ముందే తెలుసుకుంటే మంచిది కదా అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్న. దీని మీద ప్రపంచంలో చాలా పెద్ద పరిశోధనలే జరిగాయి. వైద్య పరిశోధనలను వడపోసే కోక్రేన్ అనే అంతర్జాతీయ బృందం 2019లో 17 అధ్యయనాలను, రెండున్నర లక్షలమందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. బాధ ఏదీ లేకుండా జనరల్ చెకప్ చేయించుకున్నవాళ్లకూ చేయించుకోనివాళ్లకూ మరణాల్లో తేడా లేదు. క్యాన్సర్ మరణాల్లోనూ లేదు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగెన్ చుట్టుపక్కల దాదాపు 60 వేలమందిని పదేళ్లు గమనించారు. వాళ్లలో కొందరిని పిలిచి పరీక్షలు చేసి, తిండి గురించి, పొగ తాగడం గురించి ఏళ్ల తరబడి సలహాలిచ్చారు. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. గుండెజబ్బులూ పక్షవాతమూ తగ్గలేదు. అక్కడ ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే చూసే డాక్టరు ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు. చెకప్ అదనంగా ఇచ్చింది ఏమీ లేకపోయింది.

దక్షిణ కొరియాలో జరిగింది ఇంకా దారుణం. అక్కడ 1999లో ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం పెట్టింది. అందులో థైరాయిడ్ లేదు. ఆసుపత్రులే కాస్త దుడ్లకు గొంతు స్కాను కూడా చేస్తామని కలిపి అమ్మాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ అని తేలినవాళ్లు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యారు, ఆ ఒక్క ఏడాదే 40 వేలకు పైగా. దాదాపు అందరికీ కత్తి పడింది. చాలామంది బతికినంతకాలం మాత్రలు మింగాలి, కొందరికి గొంతు పోయింది. థైరాయిడ్ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. వాళ్లలో ఎక్కువమందికి ఉన్నది ఎన్నటికీ హాని చేయని చిన్న గడ్డలు. 2014లో కొందరు వైద్యులు బయటికొచ్చి ఇక ఆపండని చెప్పాక ఏడాదిలో ఆ ఆపరేషన్లు మూడోవంతు తగ్గాయి. మన దగ్గర ప్యాకేజీలకు తోడుగా అమ్మే పొట్ట స్కాన్లకు, క్యాన్సర్ మార్కర్లు అనే రక్తపరీక్షలకు ఇదే కథ వర్తిస్తుంది. బాధలేని మనిషిలో క్యాన్సర్‌ను వెతకడానికి ఆ మార్కర్లు పనికిరావు.

మరి ఏవి పనికొస్తాయి? ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998 నుంచి మురికివాడల్లో దాదాపు లక్షన్నరమంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేసింది. పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, గర్భసంచి ముఖద్వారానికి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి కంటితో చూసే పరీక్ష చేయించారు. యంత్రం లేదు, ల్యాబు లేదు. రెండేళ్లకోసారి చేసిన ఆ పరీక్ష వల్ల ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కేరళలో తిరువనంతపురం దగ్గర పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలు టార్చిలైటుతో నోరు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు తగ్గాయి. ఈ రెండు పరీక్షలూ మన పీహెచ్‌సీ స్థాయిలో చేయదగ్గవే.

ఇవి కొత్తగా అడగవలసిన కోరికలు కావు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఏటా బీపీ, షుగరు చూడాలని, ఐదేళ్లకోసారి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష చేయాలని ప్రభుత్వ నిబంధనల్లోనే రాసి ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపాలి, ఏఎన్ఎం చూడాలి, అనుమానం ఉంటే పైకి పంపాలి. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలుపెట్టినప్పుడు ఊరి క్లినిక్‌లో 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉంటాయని, 104 వాహనంలో డాక్టరు ఊరికే వస్తాడని ప్రకటించారు. జరుగుతున్నదేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఉన్నవాళ్లు 58.8 శాతం. రాష్ట్రంలో దాదాపు నాలుగోవంతు ఆడవాళ్లకు, అంతకన్నా ఎక్కువమంది మగవాళ్లకు బీపీ ఉంది. రోగం ఎక్కడ దాక్కుందో కాదు, ఎదురుగా ఉన్నదాన్ని చూసే దిక్కు లేకపోవడమే మన సమస్య.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన ఉమ్మడి అనంతపురం ఒకటి. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే రోజులు అప్పుడు కొంతవరకు పోయాయి. పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి బిల్లు లేకుండా వైద్యం చేస్తోంది. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది, అనంతపురంలో సర్వజనాసుపత్రి ఉంది. కరువు సీమలో ఇన్ని ఉండటం చిన్న విషయం కాదు. ఆపరేషన్ దాకా పోయినవాణ్ణి ఆదుకునే ఏర్పాటు ఉంది. ఆపరేషన్ దాకా పోకుండా ఆపే బీపీ మాత్ర, నెలనెలా షుగరు పరీక్ష మాత్రం పేదవాడి జేబు మీదే పడుతున్నాయి. ఉద్యోగస్తుడికి ముందస్తు చెకప్‌కు పాత పన్ను విధానంలో ఆదాయపన్ను చట్టం కింద 5,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. పన్ను కట్టేంత ఆదాయమే లేని రైతుకూలీకి దానితో పని లేదు. ప్యాకేజీకి కట్టే దుడ్లు ఇంట్లో ఉంచుకోండి. నిజంగా జ్వరమొచ్చిన రోజున, ఛాతీలో నొప్పి వచ్చిన రోజున బండికి, మందులకు అవే కావాలి.

ఇక ప్యాకేజీలో లేని ఇంకో పరీక్ష, నీళ్లది. మన నేల కింద, మన బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. తొంభై ఏళ్లు కావస్తున్నా మన ఊళ్లలో పిల్లల పళ్ల మీద పసుపు చారలు, నడివయసుకే వంగని మోకాళ్లు చూస్తూనే ఉన్నాం. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. ఎముకలు నొప్పులని ప్యాకేజీ చేయించుకున్న అమ్మకు విటమిన్ డి తక్కువని ఒక కాగితం వస్తుంది, డబ్బా మాత్రలు వస్తాయి. ఆమె బిందెలోని నీళ్లను ఎవరూ పరీక్షించరు. ఊరి బోరు నీళ్ల మీద గ్రామీణ నీటిసరఫరా శాఖ ల్యాబులో చేసే ఒక్క పరీక్ష ఊరందరి రక్తపరీక్షలకన్నా ఎక్కువ చెబుతుంది.

కాబట్టి మన పంచాయతీల్లో, వచ్చే గ్రామసభలో ఇవి అడుగుదాం. 104 వాహనం ఏ తేదీన వస్తుందో, క్లినిక్‌లో ఏ పరీక్షలున్నాయో పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. 30 దాటిన ప్రతి మనిషి బీపీ, షుగరు అంకెలు కాగితం మీద రాసి చేతికివ్వాలి. ట్యాబులోకి ఎక్కించి ఊరుకుంటే మనకు ఒరిగేదేమీ లేదు. ఆడవాళ్ల క్యాన్సర్ పరీక్షలకు పీహెచ్‌సీలో నెలకొక రోజు కేటాయించాలి. ఆ రోజు మహిళా సిబ్బంది ఉండాలి, తలుపున్న గది ఉండాలి. లేకపోతే మన అక్కలు రారు, రాలేదని వాళ్లను తప్పుపట్టడమూ న్యాయం కాదు. బెంగళూరుకు, కేరళకు పనికిపోయేవాళ్లకు బీపీ, షుగరు మాత్రలు మూడు నెలలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలి. ఇది చాలా ముఖ్యమైన కోరిక. ఇక్కడ మందు మొదలుపెట్టి, అక్కడ సైటు మీద ఆపేసి, పక్షవాతంతో ఊరికి తిరిగొచ్చేవాళ్ల బాధ మన పల్లెలకు కొత్త కాదు. ప్రతి తాగునీటి బోరు ఫ్లోరైడ్ అంకెను ఆ బోరు దగ్గరే రంగుతో రాయించాలి.

ప్రైవేటు ల్యాబు శిబిరాలకు బడిని, పంచాయతీ ఆఫీసును, గుడి మండపాన్ని ఊరికే ఇవ్వొద్దు. పీహెచ్‌సీ డాక్టరు చూసి సరేనంటేనే ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్టరు కావాలి. ఆ కాగితం చూపించమని సర్పంచ్ అడగాలి. ఏ అంకె తేడా వస్తే ఎవరు చూస్తారు, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నది ముందే చెప్పించాలి.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. బాధలేని మనిషి గురించే ఇదంతా చెప్పాం. దగ్గులో రక్తం పడినా, రొమ్ములో గడ్డ తగిలినా, నోట్లో పుండు మూడు వారాలకు మానకపోయినా, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా అది చెకప్ కాదు, వైద్యం. ఆ రోజు ఖర్చు చూడకండి, ఈ కరపత్రాన్ని సాకుగా పెట్టుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి పోండి. షుగరున్నవాళ్లకు ఏటా కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష, పాదాలు చూపించుకోవడం తప్పనిసరి. అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడబిడ్డ డాక్టరుతో విడిగా మాట్లాడాలి. వాళ్లకు కావలసిన పరీక్షలు డాక్టరు రాసివ్వాలి, రేటు కార్డు చూసి ఎంచుకునేవి కావు.

ఈసారి 104 బండి వచ్చిన రోజు ఇంట్లో 30 దాటిన వాళ్లందరూ వెళ్లండి. బీపీ చూడమనండి, షుగరు చూడమనండి, నోరు చూడమనండి. చూడకపోతే, మందు లేదంటే, తేదీ వేసి కాగితం మీద రాయండి, నలుగురు సంతకాలు పెట్టండి, ఆ కాగితాన్ని గ్రామసభలో చదవండి, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరు చేతికివ్వండి.